మెంతి క్యాప్సూల్స్ రెండున్నర నెలలు మింగాను, చెమట వాసన తప్ప ఏమీ మారలేదు

నిజాంపేట_నిద్రమత్తు
వయసు 34. ఐటీలో పని. సాయంత్రం నుంచి అమెరికా కాల్స్, పడుకునేసరికి ఒంటిగంటన్నర, రెండు. ఏడాదిగా పడగ్గది విషయంలో ఆసక్తి తగ్గింది. తగ్గింది అని మర్యాదకి అంటున్నాను, బొత్తిగా లేదు. ఫోన్‌లో కండలు తిరిగిన ఒకాయన "టెస్టోస్టెరాన్ సహజంగా పెంచుకోండి" అని ఊదరగొడితే మెంతి క్యాప్సూల్స్ తెప్పించాను. 60 క్యాప్సూల్స్ సీసా 1,150 రూపాయలు. రోజుకి రెండు. ఇప్పుడు మూడో సీసా సగంలో ఉంది.
మొదలుపెట్టే ముందు టెస్టోస్టెరాన్ 342. మొన్న మళ్లీ చేయిస్తే 331. పెరగకపోగా తగ్గింది!
మారింది ఒక్క చెమటే. చొక్కా విప్పితే మాడిన బెల్లం పాకం వాసన. మొదటి వారంలోనే మా ఆవిడ "ఆఫీసులో ఎవరైనా అరిసెలు పంచారా?" అని అడిగింది. సిగ్గేసి ఏమీ చెప్పలేదు. సీసా బీరువాలో సాక్సుల వెనక పెట్టాను.
ఇది మోసమా, నేనే తప్పుగా వాడుతున్నానా? ఇంకో నెల చూడమంటారా?

హలీమ్_హీరో
అరిసెల వాసన వచ్చే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అన్నా. వదిన అదృష్టవంతురాలు.

జిమ్_జనార్దన్
ఇంకో నెల చూడు బ్రో. నేను నాలుగు నెలలు వాడాను. బెంచ్ ప్రెస్ 60 కిలోల నుంచి 75కి వెళ్లింది, మిగతా విషయాల్లో కూడా తేడా తెలిసింది. 2010లో బరువులెత్తే 49 మంది మీద 8 వారాలు రోజుకి 500 మి.గ్రా. ఇచ్చి చూశారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కంటే బలం పెరిగింది. ఊరికే మోసం అనేస్తే ఎలా.

ల్యాబ్_కోటు
రెండు టెస్టులూ ఏ టైముకి చేయించారు?

నిజాంపేట_నిద్రమత్తు
మొదటిది ఫుల్ బాడీ ప్యాకేజీలో. ఇంటికొచ్చి పదకొండున్నరకి రక్తం తీసుకున్నారు, అప్పటికి ఇడ్లీ తినేశాను. రెండోది మొన్న సాయంత్రం ఆరింటికి, ఆఫీసుకి వెళ్తూ.

ల్యాబ్_కోటు
అయితే ఆ రెండు అంకెలనీ పక్కన పెట్టేయండి. పద్నాలుగేళ్లుగా రక్తం తీస్తున్నవాడి మాట.
టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి దిగుతుంది. తిన్నాక కూడా దిగుతుంది. అందుకే పరగడుపున ఏడు నుంచి పదిలోపు ఇవ్వాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ పొద్దున్నే చేయించి సరిచూసుకోవాలి. ఒక్కసారి చూసి ఏ మంచి డాక్టరూ తేల్చడు. అసలు మీ రిపోర్టులో పక్కన రేంజ్ ఏముంది?

నిజాంపేట_నిద్రమత్తు
264 నుంచి 916.

ల్యాబ్_కోటు
ఇడ్లీ తిన్నాక 342, సాయంత్రం 331 వచ్చినా మీరు రేంజ్‌లోనే ఉన్నారు. 11 తేడా అంటే తేడాయే కాదు. ఒకే రక్తాన్ని రెండుసార్లు మెషిన్లో పెట్టినా అంత అటూ ఇటూ అవుతుంది.

బేగంబజార్_బాబాయ్
సీసా వెనక ఏం రాశాడో చూసి అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ రాయండి.

నిజాంపేట_నిద్రమత్తు
"మెంతి గింజల పొడి 500 మి.గ్రా." అంతే. ముందువైపు మాత్రం సింహం బొమ్మ ఉంది.

బేగంబజార్_బాబాయ్
సింహానికి 1,145, మెంతులకి 5 రూపాయలు.
లెక్క చెప్తా వినండి. 60 క్యాప్సూల్స్, ఒక్కోదాంట్లో అర గ్రాము. మొత్తం 30 గ్రాములు. మా కొట్లో మంచి రాజస్థాన్ మెంతులు కిలో 120కి ఇస్తున్నా. 30 గ్రాములకి మూడున్నర రూపాయలు, పొడి కొట్టిన కూలి, డబ్బా ఖర్చు వేసుకున్నా ఎంతవుతుంది? ఒక టీ చెంచా మెంతులే దగ్గర దగ్గర నాలుగు గ్రాములు తూగుతాయి. మీరు రోజంతా మింగేది అందులో పావు వంతు. మా ఇంట్లో ఆవకాయ పెట్టిన రోజు దుమ్ము పీలిస్తేనే అంతకంటే ఎక్కువ లోపలికి పోతుంది.

హలీమ్_హీరో
అంటే ఆవకాయ సీజన్లో ఆంధ్రా మొత్తం సింహాలే అన్నమాట.

జిమ్_జనార్దన్
బాబాయ్, పొడి వేరు, సారం వేరు. నేను వాడింది సారం. డబ్బా మీద "సాపోనిన్లు 50 శాతం" అని ఉంటుంది. నేను చెప్పే పరిశోధనలు సారం మీద జరిగినవి, పప్పులో వేసే మెంతుల మీద కాదు. 2016లో 43 నుంచి 70 ఏళ్ల మగవాళ్లు 120 మందికి 12 వారాలు రోజుకి 600 మి.గ్రా. సారం ఇచ్చారు. టెస్టోస్టెరాన్ పెరిగింది, కోరిక పెరిగింది. మరి దానికేమంటారు?

ఫార్మసీ_పద్మ
జనార్దన్ గారు సగం కరెక్టే, పొడి వేరు, సారం వేరు. మిగతా సగం నేను చెప్తాను. అదే సారం, అదే 600 మి.గ్రా. మోతాదు, 2011లో కూడా చూశారు. 25 నుంచి 52 ఏళ్ల ఆరోగ్యవంతులు 60 మంది, ఆరు వారాలు. కోరిక పెరిగిందని వాళ్లు ప్రశ్నావళిలో రాశారు. కానీ రక్తంలో టెస్టోస్టెరాన్ మామూలు హద్దుల్లోనే ఉండిపోయింది. ఆ క్యాప్సూల్లో మెంతి సారంతో పాటు జింకు, మెగ్నీషియం, బి6 కూడా ఉన్నాయి. కాబట్టి ఏది చేసిందో కూడా గట్టిగా చెప్పలేం. పైగా ఇలాంటి పరిశోధనలకి చాలాసార్లు సారం అమ్మేవాళ్లే డబ్బు పెడతారు. అంతమాత్రాన అబద్ధమని కాదు. కొంచెం అనుమానంతో చదవాలి, అంతే.
ఇంకొకటి. 2016 నాటిది నడివయసు దాటినవాళ్ల మీద. అడుగుతున్నాయనకి 34.

జిమ్_జనార్దన్
అంకె మారకుండానే కోరిక పెరిగితే వచ్చిన నష్టమేంటి పద్మ గారూ? మనకి కావలసింది అదేగా.

ఫార్మసీ_పద్మ
నష్టమేం లేదు. కానీ సీసా మీద అంకె పెంచుతానని రాసి అమ్ముతున్నాడుగా, మీరు కూడా అంకె చూపించే వాదిస్తున్నారు.

తార్నాక_తాతయ్య
మెంతుల్ని తక్కువ చేసి మాట్లాడకండి. మా తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్లు వీటి మీద చాలా పని చేశారు. అయితే అది చక్కెర వ్యాధి గురించి. 1990లో అచ్చయిన పత్రంలో ఇన్సులిన్ మీద ఉన్న రోగులకి రోజుకి 100 గ్రాముల కొవ్వు తీసిన మెంతిపిండి భోజనంలో కలిపి 10 రోజులు పెట్టారు. చక్కెర తగ్గింది, కొలెస్టరాల్ తగ్గింది. వంద గ్రాములు బాబూ! నాలిక ఏమైపోయిందో పాపం. మెంతుల్లోని జిగురు పీచు పేగులో చక్కెరని నెమ్మదింపజేస్తుంది.
ఆ ధైర్యంతోనే ఆరేళ్ల కిందట నేను షుగర్‌కి గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటూ, ఎవరికీ చెప్పకుండా నానబెట్టిన మెంతులు పొద్దున రెండు చెంచాలు మొదలుపెట్టాను. పదో రోజు ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్. ఆర్ట్స్ కాలేజీ ముందుకొచ్చేసరికి చేతులు వణుకుడు, ఒళ్లంతా చల్లటి చెమట, మెట్ల మీద కూలబడ్డాను. ఎవరో పిల్లవాడు జేబులోంచి రెండు చాక్లెట్లు తీసి పెట్టాడు. ఇంటికొచ్చి చూసుకుంటే చాక్లెట్లు తిన్నాక కూడా 62. డాక్టరు మాత్ర మోతాదు తగ్గించాడు, మెంతులు ఒక చెంచాకి కుదించాడు.
ఇంతకీ ఆ రెండో విషయంలో మాత్రం మెంతుల వల్ల నాకే మార్పూ కనబడలేదు. వయసు 71 కాబట్టి ఈ సాక్ష్యం చెల్లకపోవచ్చు.

హలీమ్_హీరో
తాతయ్యా, మీ సాక్ష్యమే ఈ పేజీలో అన్నిటికంటే నిజాయతీగా ఉంది.

ఫార్మసీ_పద్మ
తాతయ్యగారి కేసు అందరూ రెండుసార్లు చదవండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు, రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా మెంతి సారం మొదలుపెట్టకూడదు. పల్లీలు, శనగలు పడనివాళ్లకి మెంతులు కూడా పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం. గర్భిణులు మందులా మోతాదుగా అసలు తీసుకోవద్దు. కూరలో వేసుకునేదానికి భయం లేదు.
నిజాంపేట గారూ, మీరు వేరే మాత్రలేమైనా వాడుతున్నారా? బీపీ, టెన్షన్, నిద్ర, ఏదైనా?

నిజాంపేట_నిద్రమత్తు
ఏవీ లేవండి.

ఎడిసన్_ఎల్లయ్య
మీ చెమట వాసన గురించి ఒక పిట్టకథ. అది సోటోలోన్ అనే పదార్థం, మెంతుల్లో ఉంటుంది, ఒంట్లో విరగకుండా చెమటలోకి, మూత్రంలోకి వచ్చేస్తుంది. ఇక్కడ అమెరికాలో దోసెల్లాంటి ప్యాన్‌కేకుల మీద పోసుకునే మేపుల్ పాకం వాసన కూడా అదే. 2005 నుంచి న్యూయార్క్‌లో కొన్ని రోజులు ఊరంతా తియ్యటి వాసన వచ్చేది, జనం భయపడి ఎమర్జెన్సీకి ఫోన్లు చేసేవాళ్లు. 2009లో తేల్చారు, నది ఇవతల మా న్యూజెర్సీలో మెంతులు వాడే ఒక ఫ్యాక్టరీ నుంచి అని. మన వంటింటి వాసనకి న్యూయార్క్ మేయర్ ప్రెస్ మీట్ పెట్టాడు!

మహా_వీర్య_ఒరిజినల్
(ఈ పోస్ట్ తొలగించాం. ఫోన్ నంబరు ఇచ్చి మందులు అమ్మడం ఇక్కడ కుదరదు. మోడరేటర్)

ల్యాబ్_కోటు
తీసేశారు కానీ నేను చదివాను. "ఏడు రోజుల్లో ఫలితం, లేదంటే డబ్బు వాపసు" అట. శృంగార సామర్థ్యం పెంచుతామని మందు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నేరం. గోడల మీద రాతలు చూస్తే ఆ చట్టం ఎవరికీ గుర్తున్నట్టు లేదు, అది వేరే విషయం.

ఫార్మసీ_పద్మ
ఏడు రోజుల్లో నిజంగానే ఫలితం కనిపించిందంటే అప్పుడే భయపడాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2007 నుంచి 2016 వరకు పట్టుకున్న కల్తీ సప్లిమెంట్లు 776, అందులో దాదాపు సగం ఈ కోవవే. మూలికలని రాసి లోపల సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) లాంటివి కలుపుతారు. గుండెనొప్పికి నాలిక కింద మాత్ర పెట్టుకునేవాళ్లు దాన్ని మింగితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. కనీసం సీసా మీద ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ 14 అంకెలు ఉన్నాయా లేదా చూసుకోండి.

ఎర్రగడ్డ_విద్యార్థి
ఆయుర్వేదం చదువుతున్నాను, నా వంతు. అందరూ మెంతుల్ని ఆయుర్వేదం నెత్తిన రుద్దుతున్నారు. భావప్రకాశంలో మెంతుల గురించి వాతం, కఫం, జ్వరం తగ్గిస్తాయని ఉంది. వాజీకరణం, అంటే శృంగార శక్తి పెంచే చికిత్స, అనగానే మా పాఠాల్లో ముందుకొచ్చేవి అశ్వగంధ, దూలగొండి, పల్లేరు, పిల్లిపీచర. మెంతుల్ని సింహం బొమ్మతో అమ్మడం ఈ మధ్య జిమ్ముల వ్యాపారం. మా అమ్మమ్మకైతే మెంతులంటే బాలింతకి, చుండ్రుకి, కడుపునొప్పికి.

బేగంబజార్_బాబాయ్
పులిసిన దోసెల పిండికి కూడా.

లకడీకాపూల్_లక్ష్మి
ఇంతసేపూ ఆడవాళ్లెవరూ అడగని మాట అడుగుతా. తమ్ముడూ, నువ్వు పడుకునేది రెండింటికి. మీ ఆవిడ?

నిజాంపేట_నిద్రమత్తు
పదిన్నరకి అక్కా. పొద్దున్నే పాప స్కూల్ బస్సు. నన్ను కూడా ఏడింటికి లేపుతుంది.

లకడీకాపూల్_లక్ష్మి
ఆమె నిద్రపోయాక మూడున్నర గంటలకి నువ్వు గదిలోకొస్తావు. ఇద్దరూ మెలకువగా ఒక గదిలో ఉండే టైము ఎంత? దీనికి మెంతులేం చేస్తాయి, అలారమా? మా ఇంట్లోనూ మూడేళ్లు ఇదే కథ. మా ఆయన షిలాజిత్ తెచ్చుకున్నాడు, నేను అది చీమల మందనుకుని పారబోశాను. షిఫ్ట్ మారాక మనిషి మారాడు.

ల్యాబ్_కోటు
లక్ష్మిగారు చెప్పినదానికి లెక్క కూడా ఉంది. షికాగోలో 2011లో పదిమంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిచ్చారు. పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. నిజాంపేట గారు ఏడాదిగా అదే ప్రయోగం సొంత ఖర్చుతో చేసుకుంటున్నారు.

జిమ్_జనార్దన్
నిద్ర మ్యాటర్ ఒప్పుకుంటా. బరువెంత బ్రో?

నిజాంపేట_నిద్రమత్తు
91. పెళ్లికి 74.
పద్మ గారూ, ఒకటి మర్చిపోయాను. జుట్టుకి ఒక మాత్ర వాడుతున్నాను. అది మందుల్లోకి వస్తుందా?

ఫార్మసీ_పద్మ
పేరు?

నిజాంపేట_నిద్రమత్తు
ఫినాస్టెరైడ్. 1 మి.గ్రా. రాసిచ్చారు కానీ రేటు ఎక్కువని 5 మి.గ్రా. మాత్ర కొని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసుకుంటాను, ఫ్రెండ్ చెప్పాడు. దాంతో పాటు బయోటిన్ అనే విటమిన్. రెండూ ఏడాది దాటింది.

హలీమ్_హీరో
ఇంటర్వెల్ బ్యాంగ్.

ఫార్మసీ_పద్మ
ఏవీ లేవండి అన్నారు!
కోప్పడటం లేదు, కౌంటర్ దగ్గర రోజూ ఇదే. జుట్టు మాత్ర, నిద్ర మాత్ర, గ్యాస్ మాత్ర ఎవరికీ మాత్రల్లా కనబడవు.
ఫినాస్టెరైడ్ టెస్టోస్టెరాన్‌ని తగ్గించదు. అది డీహెచ్‌టీ అనే ఇంకో రూపంలోకి మారకుండా అడ్డుపడుతుంది. అందుకే మీ అంకె బాగానే కనిపిస్తూ కోరిక మాత్రం తగ్గొచ్చు. అందరికీ కాదు. 1 మి.గ్రా. మోతాదు పరీక్షల్లో కోరిక తగ్గిందన్నవాళ్లు 1.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 1.3 శాతం. తేడా చిన్నదే. కానీ మీ ఇబ్బందీ, ఆ మాత్రా ఒకే కాలంలో మొదలయ్యాయంటే రాసిచ్చిన స్కిన్ డాక్టర్‌కి చెప్పి తీరాలి. మీ అంతట మీరు ఏదీ చేయకండి. ఇంకో సంగతి, ఆ మాత్ర ముక్కల్నీ పొడినీ గర్భిణులు ముట్టుకోకూడదు, మగబిడ్డ అయితే ప్రమాదం. ఇంట్లో రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఆ బ్లేడు యవ్వారం ఇవాళే ఆపండి.

ల్యాబ్_కోటు
బయోటిన్ సంగతి నాది. ఎక్కువ మోతాదులో వాడుతుంటే కొన్ని మెషిన్లలో టెస్టోస్టెరాన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, థైరాయిడ్ టీఎస్‌హెచ్ తక్కువ చూపిస్తుంది. డాక్టర్ని అడిగి రెండు మూడు రోజులు ముందే ఆపి అప్పుడు రక్తం ఇవ్వండి. సుబ్బరంగా ఒకే ఒక్క టెస్ట్, పొద్దున్నే, పరగడుపున. ఫుల్ బాడీ ప్యాకేజీలు వద్దు.

ఎర్రగడ్డ_విద్యార్థి
ఒక మనిషి జుట్టు కోసం ఒక మాత్ర, దాని పక్కన ఇంకొకటి, వాటి వల్ల వచ్చిందేమో అనుకున్నదానికి మెంతులు. మా ప్రొఫెసర్‌కి చూపిస్తే క్లాసు గంట గడిచిపోతుంది.

నిజాంపేట_నిద్రమత్తు
ఆరు వారాల తర్వాత వచ్చాను. అడిగినవాళ్లందరికీ ఒకేసారి చెప్తున్నా.
స్కిన్ డాక్టర్ ఫినాస్టెరైడ్ ఆపించి, తలకి పూసుకునేది ఒక్కటి ఉంచారు. తర్వాత ఎండోక్రైనాలజిస్ట్‌ని, అంటే హార్మోన్ల డాక్టర్ని కలిశాను. బయోటిన్ నాలుగు రోజులు ఆపి, పొద్దున 7:45కి, పరగడుపున రక్తం ఇచ్చాను. 468. ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ మామూలే. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 5.9, షుగర్ గడప మీద నిలబడ్డానట. "నీకు హార్మోన్ మందు అక్కర్లేదు, పొట్ట తగ్గించు, పడుకో" అని రెండు ముక్కల్లో పంపేశారు. మేనేజర్‌తో గొడవపడి వారంలో మూడు రోజులు పదకొండుకి కాల్స్ ముగిస్తున్నాను. బరువు 88.

జిమ్_జనార్దన్
331 నుంచి 468! మెంతులు ఆలస్యంగా పనిచేశాయి.

ల్యాబ్_కోటు
పనిచేసింది అలారం గడియారం. సాయంత్రం ఇచ్చిన రక్తాన్ని పొద్దున ఇచ్చిన రక్తంతో పోల్చకూడదని పైన మొత్తుకున్నాను కదయ్యా.

ఫార్మసీ_పద్మ
మాత్ర ఆపారు, నిద్ర పెంచారు, బరువు తగ్గారు, అన్నీ ఒకేసారి. వీటిలో ఏది ఎంత పనిచేసిందో ఇప్పుడు బ్రహ్మ కూడా చెప్పలేడు.

హలీమ్_హీరో
అవన్నీ సరే. అసలు సంగతి?

నిజాంపేట_నిద్రమత్తు
అది ఇక్కడ రాయను. లక్ష్మక్కకి మాత్రం థ్యాంక్స్.
ఒక్కటి చెప్తా. సీసా గురించి మా ఆవిడకి చెప్పేశాను. సాక్సుల వెనక అది ఆమెకి మొదటి నెలలోనే కనబడిందట. ఇన్నాళ్లూ బట్టలు మడతపెట్టి దాని ముందే సర్దుతోంది. "మీరే చెబుతారని చూస్తున్నా" అంది.

లకడీకాపూల్_లక్ష్మి
అరిసెల మాట అడిగినప్పుడే అనుకున్నా.

బేగంబజార్_బాబాయ్
సీసాలో ఇంకా ఎన్ని మిగిలాయి?

నిజాంపేట_నిద్రమత్తు
30.

బేగంబజార్_బాబాయ్
15 గ్రాములు. మా కాటా మీద పెడితే ముల్లు కూడా కదలదు. దోసెల పిండిలో విప్పి పోసేయండి.

నిజాంపేట_నిద్రమత్తు
ఆమె కూడా అదే అంది. తొక్కలు విప్పే పని నాదట. పదమూడు అయ్యాయి, మినప్పప్పు నానుతోంది.